తొట్టిలో నిలవని చేపలు

ఉప్పళం, పుదుచ్చేరి
9 ఆగస్టు 1909, సోమవారం

బావకు లీలమ్మ నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా అని మొదట రాయాలి కదా, రాయను. మీ స్నేహితుడు చెంగల్రాయన్ ఓడ దిగి, మీరు పంపిన గాజు తొట్టినీ అందులో రెండు చేపలనూ మన గుమ్మంలో దించి వెళ్ళినప్పటి నుంచి ఈ ఇంట్లో కులాసా అన్నది లేదు. ఆయన ముఖం మీరు చూడాల్సింది. సైగాను నుంచి ఇక్కడిదాకా ఆ తొట్టిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. "వదినా, కడుపులో తిప్పతా ఉంటే కూడా లేచింది లేదు నేను. ఇంగ నీ మొగుడు ఏనుగును ఇచ్చినా తెస్తా గాని చేపలు మాత్రం తేను" అని, కాఫీ తాగమన్నా వినకుండా వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ కింద ఓడెక్కేటప్పుడు మీరేమన్నారు? ఇల్లు దొరకగానే నిన్ను పిలిపించుకుంటానన్నారు. ఇల్లు దొరికిందని పోయిన ఉత్తరంలో రాశారు. సరే, ఈ ఓడకు నన్ను రమ్మని కబురొస్తుందని కొత్త రవికెలు కూడా కుట్టించుకున్నాను. చేపలొచ్చాయి.

అవి అందంగా లేవని అనను. వేలెడంత ఉన్నాయి. ఒంటి మీద నీలం, ఎరుపు పట్టీలు, జీరాడే తోక. మగది తోక విప్పితే వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూస్తున్నారు. పక్కింటి తిలగానికి పొద్దున లేస్తే మన ఇంట్లోనే కాపురం. కానీ అవి దూకుతాయని మీరు ఒక్క మాట రాయలేదే! మొన్న శుక్రవారం దీపాలు పెట్టే వేళ నేను వంటింట్లో ఉంటే అత్త కేక పెట్టింది. "ఏయ్ లీలా! నీ మొగుని చేప నేల మీద పొర్లతా ఉండాది, రావే!" వెళ్ళి చూద్దును కదా, మగది గోడ దగ్గర దుమ్ములో పడి ఉంది. చచ్చిందనే అనుకున్నాను. తీసి నీళ్ళలో వేస్తే ఏమీ జరగనట్టు ఈదుకుంటూ పోయింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, జాగ్రత్తగా చదవండి. ఇల్లు దొరికిందన్న మీ కబురు పట్టుకుని, నన్ను సైగానుకు పంపమని అత్తను అడిగాను. ఆమె ఔననలేదు, కాదనలేదు. చేప దూకిన సాయంత్రం మాత్రం తిన్నె మీద కూర్చుని తీర్పు చెప్పింది. "ఆ దేశం చేప సముద్రం దాటి మనింటికి వచ్చిండాది. మాసి మగం పండగ లోపల అది ఈ ఇంట్లో నిలబడితే, ఆ దేశంలో నువ్వూ నిలబడతావని పంపిస్తా. గుడి స్వాములు సముద్రం స్నానానికి పొయ్యే ఆ పొద్దు కూడా దూకితే, నువ్వింగ సైగాను మాటే ఎత్తకూడదు. సరేనా?"

సరేనన్నాను. ఇంకేమంటాను? ఆమె నాకు అత్తగారు మాత్రమే కాదు, మా నాయన తోడబుట్టింది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఆమె మాట తోసేసి ఓడ ఎక్కే ధైర్యం నాకు లేదు, నన్ను ఎక్కించే ధైర్యం మీకూ లేదు. కాబట్టి నా బతుకంతా ఇప్పుడు రెండు చేపల తోకల మీద ఉంది. అవి దూకకుండా ఏం చెయ్యాలో వెంటనే రాయండి. తెలుగులోనే రాయండి. ఈ వీధిలో తాత దగ్గర తెలుగక్షరాలు దిద్దుకున్నది నేనొక్కదాన్నే కనుక మన మాటలు మన మధ్యే ఉంటాయి.

కోపంతోనే,
లీలమ్మ

సైగాను
5 సెప్టెంబరు 1909

లీలకు ఆశీస్సులు.

నీ కోపం చదివి ఆఫీసులో గట్టిగా నవ్వాను. పక్క బల్ల దగ్గర రాసుకునే కారైక్కాల్ ఆయన "ఊరి నుంచి శుభవార్తా?" అని అడిగాడు. ఔనన్నాను.

చేపలు దూకడం కూడా ఒక సమస్యేనా? నువ్వు తొట్టి నిండా నీళ్ళు పోసి ఉంటావు. పాలగిన్నెను కూడా అంచుదాకా నింపే మనిషివి కదా. నాలుగు వేళ్ళు తగ్గించు. పైన ఏదైనా మూత పెట్టు. దీపం దగ్గరగా పెట్టకు, వెలుతురుకు బెదురుతాయి. చిటికెడు తిండి చాలు. ఇంతే పని. దీనికి మూడు కాగితాలు ఖర్చు పెట్టావు.

అమ్మ మాట మనసులో పెట్టుకోకు. ఆమె అలాగే అంటుంది, మాసి మగం నాటికి తనే మరిచిపోతుంది.

ఇల్లు బాగుంది. పెంకుటిల్లు, వెనక బావి. వీధి చివర మన వైపు వాళ్ళ కొట్టు ఉంది, ఉలవలు కూడా దొరుకుతాయి. ఆ చేపల్ని ఎందుకు కొన్నానో నువ్వు అడగలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రోజూ ఆ చేపల అంగడి ముందు కాసేపు నిలబడేవాణ్ణి. చూసినప్పుడల్లా నువ్వు పక్కన ఉంటే చూపించేవాణ్ణి అనిపించేది. ఎన్నాళ్ళని అలా అనుకోను? కొని పంపించాను.

ఇటు ఎవరైనా వస్తుంటే దబ్బకాయ ఊరగాయ పంపు. ఇక్కడి పుల్లటి సరుకు ఏదీ నాకు నచ్చడం లేదు.

నీ,
విజయరంగన్

ఉప్పళం
4 అక్టోబరు 1909

ఆఫీసులో నవ్వుకున్న బావకు, ఇంట్లో నేల తుడుచుకుంటున్న లీలమ్మ రాయునది.

నాలుగు వేళ్ళు నీళ్ళు తగ్గించాను. అంతవరకూ బుద్ధిగా ఉన్న ఆడది కూడా ఆ వారమే దూకింది.

ఇక మూత. "ఏదైనా మూత పెట్టు" అని రాసి చేతులు దులుపుకున్నారు. ఏ మూత పెట్టను? మీ తొట్టి పలకలుగా ఉంది, మనింట్లో మూతలన్నీ గుండ్రంగా ఉన్నాయి. పిండి జల్లెడ బోర్లించాను. నాలుగు మూలలూ ఖాళీ. మగది తొట్టంతా వదిలేసి ఆ మూలలోంచే దూకింది, ఎవరో దారి చూపించినట్టు. ఆ జల్లెడ చూసి అత్త గోల. "చేపల మీద పెట్టిన జల్లెడతో పిండి జల్లించి ఇంగ దేవుడికి ఎట్ల పెట్టేది?" కొత్త జల్లెడ కొనాల్సి వచ్చింది. తర్వాత పాత చీర మడిచి కప్పాను. అది మధ్యలో కుంగి, నీళ్ళు పీల్చుకుని, కొసల వెంట నేల మీదికి కారుస్తూ కూర్చుంది. పొద్దున లేచి చూస్తే సగం తొట్టి ఖాళీ, నట్టింట్లో మడుగు. అత్త అందులో కాలు జారి పడబోయింది.

ఆఖరికి అత్త భోజనం చేసే పీట తెచ్చి పెట్టాను. అచ్చంగా సరిపోయింది. ఇప్పుడు ఆమె చాప మీద కూర్చుని తింటోంది. "నా కొడుకు చేపలకు పీట, నాకు చాప" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

పీట పెట్టాక వారమంతా నిశ్చింతగా ఉంది. శుక్రవారం మళ్ళీ దూకింది. పై శుక్రవారం కూడా దూకింది. అప్పుడు ఆలోచించాను. మొదటిసారి దూకింది కూడా శుక్రవారమే. బావా, చేపలకు వారాలు తెలుస్తాయా? పోనీ, తెలుసనే అనుకుందాం. రెండు చేతులతో ఎత్తితే గాని కదలని పీటను అవెలా జరిపాయి? నేను వచ్చి చూసినప్పుడల్లా పీట పక్కకు తీసి ఉంది, చేప నేల మీద ఉంది, పక్కనే అత్త నిలబడి "మళ్ళీ దూకింది, వచ్చి తీయవే" అంటోంది.

మొన్న నేను తలుపు చాటున నిలబడి చూశాను. ఆమె పీట తీసింది. తొట్టి మీదికి వంగి ఏదో గొణిగింది. నా కళ్ళారా చూశాను. నన్ను పంపడం ఇష్టం లేకపోతే ఆ మాట నోటితో చెప్పవచ్చు కదా! చేపల చేత దూకించడం ఎందుకు? ఇంతకన్నా నేనేం రాయగలను? మాసి మగానికి ఇంకా నాలుగు నెలలుంది. మీరు నవ్వుతూ కూర్చోండి.

లీలమ్మ

మరిచాను, దబ్బకాయలు ఎండలో పెట్టాను. ఊరగాయ మీద నాకు కోపం లేదు.

సైగాను
2 నవంబరు 1909

లీలమ్మకు,

ఈసారి నవ్వలేదు.

మా అమ్మ చేపలకు మంత్రం వేస్తోందని రాశావు. నీకు జ్వరం వస్తే పగలూ రాత్రీ తడిగుడ్డ వేసిన మనిషి ఆమె. అంతమాట నీ చేతికి ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. నీకు ఆ చేపల మీద ఉన్న విసుగంతా ఆమె మీదికి మళ్ళిందని మాత్రం అర్థమైంది.

నేను చేపల్ని పంపింది నీకు సంతోషంగా ఉంటుందని. అత్తా కోడళ్ళ మధ్య తగవు పెట్టడానికి కాదు. అందుకని ఈ ఓడకే అమ్మకు వేరుగా తమిళంలో ఒక ఉత్తరం రాశాను. లీల వాటితో వేగలేకపోతోంది, ఆ చేపల్ని చెంగల్రాయన్‌కు ఇచ్చేయండి, అతను తీసుకోకపోతే ఏ చెరువులోనైనా వదిలేయండి, తొట్టిలో బియ్యం పోసుకోండి అని. ఇంతటితో ఈ గొడవ ముగిసింది.

సైగాను ప్రయాణానికి తొందర లేదు. నీ మనసు కుదుటపడ్డాక ఆ సంగతి మాట్లాడుకుందాం.

విజయరంగన్

ఉప్పళం
29 నవంబరు 1909

బావకు,

వారం నుంచి ఇక్కడ ఎడతెగని వాన. వీధంతా మోకాలి లోతు నీళ్ళు. చేప దూకి బయటపడినా హాయిగా ఈదుకుంటూ పోయేలా ఉంది. మీ ఉత్తరాలు రెండూ ఆ వానలోనే వచ్చాయి.

అత్త పేరున వచ్చిన తమిళం ఉత్తరాన్ని బడిలో చెప్పే అళగేశన్ వాద్యారు చదివి పెట్టారు. ఎక్కడ చదివారనుకున్నారు? మన తిన్నె మీద. ఆ వానకు సగం వీధి మన చూరు కిందే నిలబడి ఉంది. పిల్లలకు పద్యం చెప్పినట్టు గొంతెత్తి, ఆగి ఆగి చదివారు. "లీల వాటితో వేగలేకపోతున్నది." అందరూ నా వైపు తిరిగారు. "ఏ చెరువులోనైనా వదిలివేయండి." అందరూ అత్త వైపు తిరిగారు. చదవడం అయిపోయాక తిలగం "పావం, అంత దూరం నించి వచ్చిన చేపలు" అని ముక్కు చీదింది.

మీ తెలివికి దండం. అమ్మ ఆ మాట ఎప్పుడో మరిచిపోతుందన్నారు కదా, ఆమె దేన్నీ మరిచిపోలేదు. చూరు కింద జనం పోయేదాకా ఆగింది. తర్వాత నన్ను పిలిచి, "వాడే వొద్దంటా ఉండాడు లీలా. నిన్ను పిలిపించుకునే ఎన్నం మనసులో ఉండేవాడు, వాడు పంపిన చేపను వాడే చెరువులో వెయ్యమంటాడా?" అంది. ఎగతాళిగా అనలేదు. నా మీద జాలిపడుతూ అంది. అది ఇంకా కష్టంగా ఉంది.

మర్నాడు చెంగల్రాయన్‌ను పిలిపించింది. ఆయన ఒక కుండ పట్టుకుని, గొడుగు లేక తడిసి ముద్దయి వచ్చాడు. నేను చీపురు పట్టుకుని తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన గొంతు తగ్గించి, "వదినా, పెద్దామె పిలిస్తే రాకుండా ఉండలేక వచ్చినా. నీకు పున్నెముంటాది, వాటిని నాకు ఇవ్వొద్దు" అన్నాడు. కుండతో నీళ్ళు పట్టుకుపోయినట్టు నటించి వెళ్ళిపోయాడు. ఈ వ్యవహారంలో నా పక్షాన ఉన్నది ఆయన ఒక్కడే.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. ఎవరికి తొందర లేదు బావా? నాకా, మీకా? చేపల్ని నిలబెడితే నన్ను పంపుతానని అత్త మాటిచ్చిందని మొదటి ఉత్తరంలోనే రాశాను. వాటిని నిలబెట్టడానికి దారి చెప్పమన్నాను, వదిలించుకోడానికి కాదు. ఆ ముక్క మీరు చదవలేదా, చదివీ తోసేశారా? అక్కడ మీకు ఇంకెవరైనా ఉంటే రాసేయండి. తెలుగులో రాయండి, వాద్యారు నోట నేను వినలేను.

చేపలు తొట్టిలోనే ఉన్నాయి. శుక్రవారాలు దూకుతూనే ఉన్నాయి. నేను తీసి వేస్తూనే ఉన్నాను.

లీలమ్మ

సైగాను
27 డిసెంబరు 1909

లీలా,

ఇంకెవరైనా ఉన్నారా అని అడిగావు. ఉన్నారు. ఒక జత చేపలు. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే ఆ అంగడికి వెళ్ళి, నీ దగ్గర ఉన్నలాంటివే ఇంకో జత కొన్నాను. నా గదిలో బల్ల మీద పెట్టుకున్నాను. అవెందుకు దూకుతాయో తెలుసుకోకుండా నీకు ఇంకో ముక్క రాయకూడదు అనుకున్నాను.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. అమ్మ పెట్టిన షరతు అందులో స్పష్టంగానే ఉంది. నేను దాన్ని ఆడవాళ్ళ కబుర్లలా చదివాను. తప్పయింది. నువ్వు రావాలి. నాకు తొందర ఉంది. ఇంత పెద్ద ఇంట్లో ఒక్కణ్ణీ గోడలు చూస్తూ తింటున్నాను.

చేపల సంగతి విను. మొదట అవి ఏమీ దూకలేదు. మూత లేకుండా ఉంచినా బుద్ధిగా తిరిగాయి. ఒకనాడు బల్ల దగ్గర కూర్చుని చుట్ట కాలుస్తున్నాను. పొగ తొట్టి మీదికి పోయింది. ఉన్నట్టుండి మగది ఎగిరి నా కాగితాల మీద పడింది. సిరా ఒలికింది. మర్నాడు కావాలని అలాగే చేసి చూశాను, ఆడది దూకింది. అప్పటి నుంచి వాటినే గమనిస్తున్నాను. ఇవి మామూలు చేపల్లా నీళ్ళలోనే ఊరుకునేవి కావు. మాటిమాటికీ పైకి వచ్చి మూతి బయట పెట్టి గాలి మింగి వెళతాయి. ఆ పైనున్న గాలి చెడితే వాటికి ఊపిరాడదు. నేల మీద పడినా అంతసేపు బతకడం కూడా అందుకేనేమో.

కాబట్టి పీట తీసేయి. గాలి ఆడే మూత కట్టు, ఏదైనా వల లాంటిది. తొట్టి దగ్గరికి పొగ రానివ్వకు. మన వంటింటి పొగ నట్టింట్లోకి వస్తుందా? నాకు సరిగా గుర్తు లేదు. రెండేళ్ళలో ఇంటి గోడలు కూడా మరిచిపోయాను.

నీ,
విజయరంగన్

ఉప్పళం
24 జనవరి 1910

బావకు నమస్కారాలు.

మీరు చుట్ట కాలుస్తారన్న సంగతి చేపలు చెబితే గాని నాకు తెలియలేదు. దాని లెక్క తర్వాత తేల్చుకుంటాను.

వంటింటి పొగ కాదు. మీ ఉత్తరంలో "పొగ" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. శుక్రవారం దీపాలు పెట్టే వేళ ఈ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు గుర్తుందా? అత్త ధూపం పట్టుకుని ఇల్లంతా సాంబ్రాణి వేస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కనుక అదొక పొగ అని కూడా నాకు తోచలేదు.

ఆ రోజు అడిగేశాను. "అత్తా, శుక్రవారాలు పీట తీసి చేపలతో ఏం చెబుతావు?" ఆమె తడుముకోలేదు.

"తిష్టి తీస్తా ఉండా. వీధి కండ్లన్నీ వాటి మీదనే కదా! ఆ తిలగం కన్ను ఒకటి చాలదా? అందుకే నిలబడకుండా దూకతా ఉండాయి. పీట మూసిపెడితే లోపలికి పొగ యాడ పోతాది? అందుకే తీసి వేస్తా. దూకినప్పుడంతా ఇంగ కొంచెం ఎక్కువ వేస్తా ఉండా."

విన్నారా? అవి దూకకుండా ఉండాలని ఆమె సాంబ్రాణి వేస్తోంది. సాంబ్రాణి వేస్తోంది కనుక అవి దూకుతున్నాయి. దూకుతున్నాయి కనుక ఇంకా వేస్తోంది. ఇన్నాళ్ళూ నేను నేల మీద పాకుతూ చేపల్ని ఏరుకున్నది ఈ వైభోగానికి! నవ్వాలో తల బాదుకోవాలో తెలియక పెరట్లోకి పోయి నిలబడ్డాను. ఆమెను నేను అనుమానించిన మాట మీ దగ్గర వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె దగ్గర తీసుకోలేను, ఆ మాట నేను అనుకున్నట్టే ఆమెకు తెలియదు.

సాంబ్రాణి వల్లే అని చెప్పేయవచ్చు కదా అంటారు. మీరైతే చెబుతారు, తమిళంలో, వాద్యారు గొంతుతో. మామ పోయినప్పటి నుంచి ఒక్క శుక్రవారం తప్పని పొగ అది. దానివల్ల ఇంట్లో ఒక ప్రాణికి కీడు జరుగుతోందంటే ఆమె తట్టుకోలేదు. అందుకని నేనూ తిలగమూ శుక్రవారం మధ్యాహ్నం తొట్టిని పట్టుకుని వెనక వసారాలో పెడుతున్నాము, ఎండ తగలాలని చెప్పి. ధూపం వాసన పోయాక మళ్ళీ లోపలికి తెస్తున్నాము. కురుచికుప్పం జాలరి మునియన్ దగ్గర పాత వల ముక్క అడిగి తెచ్చి తొట్టి చుట్టూ బిగించి కట్టాను. చేపను నీళ్ళలో ఉంచడానికి వల అడిగిన మనిషిని నన్నొక్కదాన్నే చూశానన్నాడు.

అప్పటి నుంచి ఒక్కటీ దూకలేదు. మాసి మగానికి ఇంకా నెల. నాకు భయంగా ఉంది, కానీ చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా ఉంది.

లీలమ్మ

సైగాను
9 ఫిబ్రవరి 1910

లీలా,

నీ ఉత్తరం చూసి ఆఫీసులో మళ్ళీ నవ్వాను. ఈసారి కారైక్కాల్ ఆయనకు మొత్తం కథ చెప్పాను, ఆయనా నవ్వాడు. సాంబ్రాణి!

ఇక గెలిచినట్టే. చెంగల్రాయన్ మార్చి ఓడకు తిరిగి వస్తున్నాడు. అతని వెంట నువ్వూ వచ్చేయి. అన్ని ఏర్పాట్లూ అతనికి రాశాను. నేను రావాలంటే సెలవు అడగాలి, ఈ పనుల మధ్య అది అయ్యేది కాదు. అమ్మకు ఒక మంచి శాలువా అటు వచ్చేవాళ్ళ చేత పంపిస్తాను. నీకోసం బీరువా చేయించాను. చుట్టలు మానేశాను, దాదాపు.

ఎదురు చూస్తూ,
విజయరంగన్

ఉప్పళం
25 ఫిబ్రవరి 1910, శుక్రవారం

బావా,

మీ ఉత్తరం మొన్న వచ్చింది. నిన్న మాసి మగం.

పొద్దున్నే తిలగంతో కలిసి స్వాములు వచ్చే ఒడ్డుకు వెళ్ళాను. అత్త మోకాళ్ళ నొప్పి అని రాలేదు. "నువ్వు పో. నేను చేపలకు కాపలా ఉంటా" అంది. శుక్రవారం కాదు కదా అని నేను తొట్టిని కదిలించలేదు. పండగ నాడు కూడా ఆమె ధూపం వేస్తుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఒడ్డున అంత జనం మధ్య, మేళాల చప్పుడులో, ఎవరో స్వామికి సాంబ్రాణి వేస్తుంటే అప్పుడు తట్టింది. తిలగానికి చెప్పకుండానే ఇంటికి పరుగెత్తాను. దారిలో తెలిసినవాళ్ళు పలకరిస్తే కూడా ఆగలేదు.

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. కిటికీలోంచి చూశాను. ఇల్లంతా పొగ. వల ముడి విప్పి ఒక మూల వెనక్కి మడిచి ఉంది. మగ చేప గోడవారన బియ్యం జాడీల సందులో పడి ఉంది. మీ అమ్మ నేల మీద చతికిలబడి, జాడీల మధ్యకు చెయ్యి దూర్చి దాన్ని పట్టుకోవాలని తంటాలు పడుతోంది. వేళ్ళకు చిక్కుతుంది, జారిపోతుంది. మామ పోయినప్పటి నుంచి చేపను ముట్టని మనిషి బావా ఆమె. చేపల బుట్ట మన గుమ్మం ముందు నుంచి పోతే నీళ్ళు చల్లుకునే మనిషి. పండగ పూట తలకు పోసుకుని, మడిచీర కట్టుకుని, ఒట్టి చేతులతో ఆ చేపను పట్టుకుంది. కొంగులో పెట్టుకుంది. గోడ ఆసరాతో లేచేటప్పుడు నొప్పికి "అమ్మా" అంది. తొట్టిలో వదిలి, అది కదిలేదాకా వంగి చూసింది. వల మళ్ళీ కట్టింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. ధూపం తీసుకెళ్ళి పెరట్లో నీళ్ళు పోసి ఆర్పేసింది. తర్వాత నేల తుడిచింది.

నేను కిటికీ దగ్గరే ఉండిపోయాను. ఆమె స్నానం చేసి చీర మార్చుకుని తిన్నె మీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడే వస్తున్నట్టు వచ్చాను.

"ఏమైనా దూకిందా అత్తా?" అని అడిగాను.

ఆమె నా ముఖం చూడలేదు. "యాడ దూకింది? పొద్దున్నించి కదల్లేదు. ఇంగ నిలబడిపోయినాయి" అంది. కాసేపటికి, "వానికి రాయి. చెప్పిన మాట చెప్పిన మాటే. నిన్ను పంపిస్తానని రాయి" అంది.

ఆమె అబద్ధం చెప్పగా నేను ఇంతవరకూ వినలేదు. నన్ను ఇక్కడే ఉంచుకోవాలంటే "దూకింది" అని ఒక్క మాట అంటే చాలు. అది నిజం కూడా. నేను పోతే ఈ ఇంట్లో ఆమె కేక పెడితే పలికే మనిషి లేదు. అది తెలిసే అబద్ధం చెప్పింది. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇన్ని నెలలుగా కోపమే గాని నాకు ఏడుపు రాలేదు, నిన్న ఆగలేదు.

ఇవాళ శుక్రవారం. తొట్టిని వసారాలోకి మార్చడానికి తిలగాన్ని పిలవబోతే, "దాన్నెందుకు పిలిచేది?" అని అత్త తనే ఒక పక్క పట్టుకుంది. ఇద్దరం కలిసి వసారాలో దించాము.

ఇప్పుడు మీ సంగతి. మార్చి ఓడకు చెంగల్రాయన్ వెంట రమ్మన్నారు. రాను. మళ్ళీ తప్పుగా అర్థం చేసుకుంటారు, అందుకని విప్పి చెబుతున్నాను. నాకు మీ దగ్గరికి రావాలని ఉంది. చాలా ఉంది. సిగ్గు లేకుండా రాస్తున్నాను. కానీ ఆమె చేతిలోంచి నన్ను తీసుకుపోవాలంటే, తీసుకుపోయేవాడు ఆమె ముందుకు రావాలి. శాలువా వచ్చి నిలబడితే చాలదు. సెలవు అడగండి, ఇవ్వకపోతే మళ్ళీ అడగండి. కొన్నాళ్ళు ఈ ఇంట్లో ఆమె వండింది తినండి. ఆ మోకాళ్ళకు నూనె మర్దనా చేయండి. మాతో పాటు రమ్మని మీ నోటితో అడగండి. నేనడిగితే "చాల్లే, పోయే" అంది. మీరడిగితే కూడా కాదంటుందేమో. అయినా ఆమెను ఒకరు అడగాలి, ఆ ఒకరు కొడుకు కావాలి.

ఈ ఉత్తరానికి జవాబు రాయవద్దు. ఓడెక్కి రండి.

లీలమ్మ